కార్డు మోసం: జాగ్రత్తపడదాం, జరిగితే దాచుకోవద్దు



ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు అనారోగ్యం గురించి చెబుతాం, పిల్లల చదువు గురించి చెబుతాం, కుదరని పెళ్లి సంబంధం గురించి కూడా చెబుతాం. ఒక్క సంగతి మాత్రం పైకి రాదు. "ఫోన్ వచ్చింది, అడిగిన నంబరు చెప్పాను, కార్డులోంచి డబ్బు పోయింది" అని నలుగురిలో చెప్పడానికి నోరు రాదు. పాతికేళ్లు పాఠాలు చెప్పిన టీచరమ్మ కావచ్చు, రైల్ నిలయంలో లెక్కలు చూసి రిటైరైన పెద్దాయన కావచ్చు, మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే అబ్బాయి కావచ్చు. "ఇంత చదువుకుని ఇలా ఎలా మోసపోయావు?" అంటారేమోనన్న భయం అందరికీ ఒకటే. కొందరు కట్టుకున్న భార్యకో, భర్తకో కూడా చెప్పరు. నెల తిరిగి బిల్లు వచ్చాక ఇంట్లో గొడవ మొదలవుతుంది.

మోసగాడు రెండింటి మీద బతుకుతాడు. ఫోన్‌లో ఉన్నంతసేపు మన తొందర, ఫోన్ పెట్టేశాక మన సిగ్గు. మొదటిది డబ్బును వాడి చేతికి అందిస్తుంది. రెండోది ఆ డబ్బు తీసుకుని దాటిపోవడానికి వాడికి సమయం ఇస్తుంది. ఈ రెండింటినీ సంఘంగా మనం ఎలా ఎదుర్కోవాలో ఈ వారం వివరంగా చెప్పుకుందాం.

ఇది పోయిన డబ్బు కాదు, మీద పడిన అప్పు

డెబిట్ కార్డులోంచి పోయేది మన ఖాతాలో ఉన్న సొమ్ము. క్రెడిట్ కార్డులోంచి పోయేది బ్యాంకు సొమ్ము, కానీ తీర్చాల్సింది మనం. ఖాతాలో నాలుగు వేలే ఉన్న మనిషి కూడా కార్డు మీద లక్ష రూపాయలు మోసపోవచ్చు. గడువులోగా కట్టకపోతే చాలా కార్డుల మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది. పింఛను మీద బతికేవారికి, చిన్న జీతగాళ్లకు అది ఏళ్ల తరబడి మోయాల్సిన బరువు. అందుకే కార్డు అంటే పర్సులో పెట్టుకు తిరిగే అప్పు పత్రమని గుర్తుంచుకోవాలి. ఎదుటివాడు మన బదులు దాని మీద సంతకం చేయకుండా చూసుకోవడమే జాగ్రత్త అంటే.

గొంతు ఒకరిది, చేతులు ఒకరివి

2021 చివర్లో సైబరాబాద్ పోలీసులు ఢిల్లీ నుంచి నడుస్తున్న ఒక నకిలీ కాల్ సెంటర్ గుట్టు రట్టు చేసి 14 మందిని అరెస్టు చేశారు. స్టేట్ బ్యాంకు క్రెడిట్ కార్డు కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నామంటూ ఆ ముఠా దేశమంతటా ఫోన్లు చేసేది. కార్డుదారుల వివరాలు ముందే సంపాదించి పెట్టుకుంది. ఒక యాప్ సాయంతో, ఫోన్ ఎత్తేవారి తెర మీద బ్యాంకు అసలు నంబరే కనబడేటట్టు చేసింది. పేరు సరిగ్గా చెబుతున్నాడు, కార్డు వివరాలు చెబుతున్నాడు, తెర మీద నంబరు కూడా బ్యాంకుదే. ఇక అనుమానించడానికి ఏముంది అనుకున్నవారే మోసపోయారు.

చూపు మందగించిన ఇస్సాకు కథ మనందరికీ తెలుసు. వచ్చింది ఎవరని అడిగాడు. దగ్గరికి పిలిచి చేతులు తడిమాడు. బట్టల వాసన కూడా చూశాడు. ఆ పరీక్షలన్నింటికీ రిబ్కా ముందే జవాబులు సిద్ధం చేసి పంపింది. ఒక్క గొంతు మాత్రం మార్చలేకపోయింది. ఇస్సాకుకు సరిగ్గా ఆ గొంతు దగ్గరే అనుమానం వచ్చింది. అయినా ఆగలేదు, దీవించేశాడు. యాకోబు అటు వెళ్లాడో లేదో, ఏశావు ఇటు వచ్చాడు. దేవుని సంకల్పం సంగతి అలా ఉంచితే, తండ్రిగా ఇస్సాకు ఇంకొంచెంసేపు ఆగి ఉంటే అసలు కొడుకే ఎదురుగా వచ్చి నిలబడేవాడు.

నేటి మోసం కూడా అలాగే సాగుతుంది. మనం ఏమేమి పరీక్షిస్తామో వాడికి ముందే తెలుసు. అందుకే వాడు ఇచ్చిన ఆధారాలతోనే వాడిని పరీక్షించి లాభం లేదు. ఫోన్ పెట్టేయాలి. కార్డు వెనక ముద్రించిన నంబరుకు మనమే ఫోన్ చేయాలి. మనకు వచ్చిన కాల్‌లో నంబరు దొంగది కావచ్చు, మనం సరిగ్గా నొక్కిన నంబరు మాత్రం బ్యాంకుకే పోతుంది. "లైన్ కట్ చేస్తే కార్డు బ్లాక్ అయిపోతుంది", "ఐదు నిమిషాల్లో మీ రివార్డు పాయింట్లు పోతాయి" అని అవతలివాడు తొందరపెడుతున్నాడంటే, ఫోన్ పెట్టేయడానికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. నిజమైన బ్యాంకు పని పది నిమిషాలు ఆలస్యమైతే చెడిపోదు.

వాళ్లు చెప్పే కథలు కూడా కొద్దివే. రివార్డు పాయింట్లకు గడువు ముగుస్తోంది, కార్డు పరిమితి పెంచుతాం, ఏడాది రుసుము రద్దు చేస్తాం, మీరు అడగని ఇన్సూరెన్సు మీ కార్డుకు చేరింది కాబట్టి తీసేస్తాం, కేవైసీ పూర్తి చేయకపోతే కార్డు ఆగిపోతుంది. ఒకటి ఆశ పెడుతుంది, ఇంకొకటి భయపెడుతుంది. చివరికి అన్నీ ఒకే చోటికి వస్తాయి: "ఇప్పుడు మీకు ఒక నంబరు వస్తుంది, చెప్పండి."

సేవలు, లావాదేవీల విషయమై చేసే కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు, ప్రచారం కోసం చేసే కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు మాత్రమే వాడాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి ఎవరైనా బ్యాంకు పేరు చెబితే అక్కడే అనుమానించాలి. బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామాలు "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అన్న ముగింపుకు మారాలని, అందుకు 2025 అక్టోబరు 31 గడువని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. గూగుల్‌లో వెతికితే పైన కనబడే కస్టమర్ కేర్ నంబరును మాత్రం నమ్మవద్దు. మోసగాళ్లు తమ నంబర్లను అక్కడ కూడా పెడుతున్నారు.

ఓటీపీ అంటే మన సంతకం

2009 ఆగస్టు 1 నుంచి మన దేశంలో ఇంటర్నెట్‌లో కార్డు వాడాలంటే కార్డు మీద కనబడే వివరాలు మాత్రమే సరిపోవు. కార్డు మీద లేని రెండో ఆధారం కూడా ఉండాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. చాలామందికి ఆ రెండో ఆధారం ఫోన్‌కు వచ్చే ఓటీపీ. కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉండే మూడంకెల సీవీవీ, ఇవన్నీ దొంగకు దొరికినా ఈ రెండో తాళం దగ్గర వాడు ఆగిపోతాడు. అందుకే ఇంత కథ చెప్పి మన చేతే ఆ తాళం తీయిస్తాడు.

ఓటీపీ వచ్చిన సందేశంలో అంకెలు మాత్రమే ఉండవు. ఎంత మొత్తం, ఎవరికి వెళ్తోంది అన్నది కూడా సాధారణంగా అందులోనే ఉంటుంది. "రుసుము రద్దు చేస్తున్నాం" అని వాడు చెబుతుంటే, సందేశంలో "48,000 రూపాయల కొనుగోలు" అని ఉంటుంది. అంకెలు చూసి చదివి చెప్పేస్తాం, పక్కనున్న మాటలు చదవం. రద్దు చేయడానికి, డబ్బు వెనక్కి రావడానికి, పాయింట్లు జమ కావడానికి ఫోన్‌లో ఎవరికీ ఓటీపీ చదివి వినిపించాల్సిన పని లేదు. బ్యాంకు మేనేజరైనా, పోలీసు అధికారైనా, దైవసేవకుడైనా సరే, ఓటీపీ అడిగారంటే ఆ సంభాషణ అక్కడితో ముగిసినట్టే.

ఇప్పుడు అడగకుండానే ఓటీపీ లాగేసే పద్ధతులు కూడా వచ్చాయి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలాన్ అనో, బ్యాంకు కేవైసీ అనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర "ఏపీకే" అని ఉంటుంది. అది బొమ్మ కాదు, ఉత్తరం కాదు, ఫోన్‌లోకి దిగే యాప్. దాన్ని తెరిచి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే మన ఫోన్‌కు వచ్చే సందేశాలు వాడు చదువుకుంటాడు. పంపినది తెలిసినవారి నంబరే కావచ్చు. వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉండవచ్చు. అలాంటి ఫైలు ఎవరు పంపినా తెరవవద్దు. పొరపాటున తెరిస్తే వెంటనే ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపేసి, ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి.

అలాగే "మీకు తెలియడం లేదు, నేనే చేసి పెడతాను" అంటూ ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి యాప్‌లు వేయించేవారు ఉన్నారు. ఆ యాప్‌లలో తప్పు లేదు, ఆఫీసుల్లో రోజూ వాడతారు. కానీ వాటి ద్వారా మన తెర అవతలివాడికి కనబడుతుంది. తెరను అపరిచితుడికి చూపించడం బీరువా తలుపు తెరిచి, కళ్లు మూసుకుని కూర్చోవడమే.

ఓటీపీ లేకుండా పోయే దారులు

"నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, అయినా డబ్బు పోయింది" అనేవారు ఉంటారు. అదీ సాధ్యమే. కొన్ని విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడగకుండానే కార్డు తీసుకుంటాయి. కార్డును యంత్రానికి తాకించి చెల్లించే పద్ధతిలో 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల వరకు పిన్ అక్కర్లేదు. కార్డు పోగొట్టుకుంటే దొరికినవాడు అలా వాడుకోవచ్చు.

దీనికి మందు మన చేతిలోనే ఉంది. 2020 జనవరి 15న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కొత్త కార్డు మన దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల యంత్రాలలో మాత్రమే పనిచేసేలా చేతికి రావాలి. ఇంటర్నెట్ కొనుగోళ్లు, విదేశీ చెల్లింపులు, తాకించే పద్ధతి కావాలంటే మనమే తెరుచుకోవాలి. వీటిని ఏ వేళనైనా తెరిచే, మూసే, పరిమితి పెట్టుకునే సౌకర్యాన్ని బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకు యాప్‌లో కార్డు పేజీ తెరిస్తే ఆ మీటలు కనబడతాయి. పాత కార్డులలో ఇవి తెరిచే ఉండవచ్చు. విదేశాలలో కొనాల్సిన పని లేనివారు ఆ మీట ఈ రోజే మూసేయండి. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లేటప్పుడు తెరుచుకుని, తిరిగి వచ్చాక మూసుకోవచ్చు. రోజువారీ పరిమితిని ఇంటి అవసరానికి సరిపడా తగ్గించుకోండి. లక్షన్నర పరిమితి ఉన్న కార్డుకు ఇంటర్నెట్ వాడకంలో పదివేల హద్దు పెడితే, దొంగ తాళం తీసినా లోపల దొరికేది అంతే.

2022 అక్టోబరు 1 నుంచి అమ్మకందారులు మన కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు. దానికి బదులు టోకెన్ అనే మారు నంబరు ఉంచుకుంటారు. కాబట్టి "కార్డు ఫొటో రెండు వైపులా తీసి వాట్సాప్‌లో పంపండి" అని ఏ దుకాణమైనా, ట్రావెల్ ఏజెంటైనా అడిగితే పంపవద్దు.

మన ఊళ్లో ఇంకో అలవాటు ఉంది. ఆసుపత్రి బిల్లో, కాలేజీ ఫీజో మీద పడినప్పుడు కార్డు గీసి నగదు ఇచ్చే చోట్లు వెతుక్కుంటాం. నూటికి ఇంత అని కమీషన్ పట్టుకుని డబ్బు చేతిలో పెడతారు. అసలు కొనుగోలు లేకుండా కొన్నట్టు చూపడం అది. పైగా కార్డును అపరిచితుడి చేతికి ఇచ్చి, వాడి ముందే పిన్ నొక్కి వస్తాం. అవసరం నిజమే కావచ్చు, దారి మాత్రం అది కాదు. పెట్రోల్ బంకులో, హోటల్లో కార్డును కంటికి కనబడకుండా తీసుకెళ్లనివ్వకండి, యంత్రాన్నే మన దగ్గరికి తెమ్మనండి. పిన్ నొక్కేటప్పుడు రెండో చేయి అడ్డు పెట్టండి.

బావమరిది అడిగాడనో, స్నేహితుడు ఫోన్ కొనుక్కుంటానన్నాడనో కార్డు, ఓటీపీ ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ప్రేమతో ఇచ్చినా, ఓటీపీ మనమే ఇచ్చామంటే అది మన నిర్లక్ష్యం కిందే లెక్కకు వస్తుంది. సాయం చేయాలనుకుంటే చేతనైనంత డబ్బు ఇవ్వండి, కార్డు ఇవ్వకండి.

షాపింగ్ మాల్‌లో బల్ల వేసుకుని "ఫ్రీ కార్డు" అని పిలిచేవారికి ఆధార్, పాన్ నకళ్లు ఇచ్చేటప్పుడు, ఏ పనికి ఇస్తున్నారో ఆ నకలు మీద అడ్డంగా రాసి, తేదీ వేసి సంతకం చేయండి. మన పేరుతో మనకు తెలియకుండా కార్డు గాని, అప్పు గాని ఎవరైనా తీసుకున్నారేమో తెలుసుకోవడానికి సిబిల్ వంటి క్రెడిట్ సమాచార సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. పుట్టినరోజునాడు దాన్ని తెప్పించుకుని చూడడం మంచి అలవాటు. వాడని కార్డు ఉంటే మూసేయమని బ్యాంకుకు రాయండి. బకాయి లేకపోతే 7 పని దినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మనకు కట్టాలి.

జరిగిపోతే మొదటి గంట, మొదటి మూడు రోజులు

ఇక్కడి నుంచి సిగ్గుతో పోరాటం. మోసం జరిగిందని తెలిసిన క్షణంలో ఏడవాలనిపిస్తుంది, ఎవరికీ చెప్పకూడదనిపిస్తుంది. మొదట ఈ పనులు చేయండి, తర్వాత ఏడుద్దాం.

ఒకటి: కార్డు ఆపేయండి. యాప్‌లో గాని, కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి గాని బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.

రెండు: 1930కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర హోం శాఖ ఏర్పాటు చేసిన సైబర్ మోసాల సహాయ నంబరు. పోయిన డబ్బు ఒకచోట ఆగదు. ఒక వాలెట్‌లోకి, అక్కడి నుంచి ఒక ఖాతాలోకి, మరో ఖాతాలోకి నిమిషాల్లో దూకుతుంది. త్వరగా చెబితే అది ఎక్కడుందో అక్కడే ఆపించే వీలుంది. వచ్చిన సందేశాలు, మొత్తం, సమయం దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

మూడు: సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, లేదా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఇలాంటి కేసుల కోసమే మన రాష్ట్రంలో 2023 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో పనిచేస్తోంది. ఆపిన డబ్బును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించిన సందర్భాలు తెలంగాణలో ఉన్నాయి. ఫిర్యాదు చేసినవారికే ఆ తలుపు తెరుచుకుంటుంది.

నాలుగు: బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఇక్కడే రోజులు లెక్కకు వస్తాయి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు బ్యాంకుదైతే కస్టమర్‌కు నష్టం లేదు. తప్పు బ్యాంకుదీ మనదీ కాక మధ్యలో మరెక్కడో జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పని దినాల్లోగా మనం చెబితే నష్టమంతా తప్పుతుంది. నాలుగో రోజు నుంచి ఏడో రోజులోపు చెబితే, 5 లక్షల వరకు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుపై మన భారం 10,000 రూపాయలు దాటకూడదు. అంతకన్నా పెద్ద పరిమితి ఉన్న కార్డుకు 25,000. ఏడు రోజులు దాటితే బ్యాంకు సొంత విధానం ప్రకారం నడుస్తుంది. సమాచారం అందిన రోజును లెక్కలో కలపరు. మనం చెప్పిన 10 పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. తప్పు కస్టమర్‌దని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే.

మరి ఓటీపీ మనమే చెప్పి ఉంటే? అప్పుడు బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదే. కానీ చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. కాబట్టి మన తప్పు ఉన్నా త్వరగా చెప్పడమే మేలు. దాచిన ప్రతి గంటా మన ఖాతాలోనే రాసుకుంటున్నట్టు.

ఐదు: బిల్లు వచ్చినప్పుడు భయపడి మొత్తం కట్టేయడం గాని, కోపంతో మొత్తం మానేయడం గాని చేయవద్దు. మోసమని ఫిర్యాదు చేసిన లావాదేవీ తేలేవరకు దాని మీద రుసుములు వేయకూడదని నియమం ఉంది. మనం నిజంగా కొన్నవాటికి మాత్రం గడువులోగా కట్టాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. సమాచారానికి 14448కి ఫోన్ చేయవచ్చు.

చివరిగా ఒక హెచ్చరిక. "పోయిన డబ్బు రప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి" అంటూ తర్వాత వచ్చే ఫోన్లు రెండో మోసం. గాయపడినవాడి చుట్టూనే ఈగలు ముసురుతాయి.

సంఘం ఏం చేయాలి

యెహోషువ గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో గిబియోనీయులు వచ్చిన సంగతి ఉంది. పాత గోనెలు, చినిగిన సిద్దెలు, అతుకులు వేసిన చెప్పులు, బూజుపట్టిన రొట్టెతో వచ్చి, దూరదేశం నుంచి వస్తున్నామన్నారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ ఆహారం చూశారు, దేవుని దగ్గర మాత్రం విచారణ చేయలేదు. నిబంధన చేసేశారు. మూడు రోజులకు వాళ్లు పొరుగువారేనని తెలిసింది. సమాజం పెద్దల మీద సణిగింది. అయినా పెద్దలు సంగతి కప్పిపుచ్చలేదు. సమాజం ఎదుటే నిలబడి ఇక ఏం చేయాలో తేల్చారు. యెహోషువ వంటి నాయకుడు, అంతమంది పెద్దలు కూర్చుని కూడా మోసపోయారు. అలాంటప్పుడు పింఛను మీద బతికే ఒక అవ్వ మోసపోతే ఆశ్చర్యమేముంది?

కాబట్టి కాపరులకు, పెద్దలకు మా మొదటి మనవి: మోసపోయిన విశ్వాసితో "ప్రార్థన తగ్గింది కాబట్టే ఇలా జరిగింది" అని అనకండి. యెరికో దారిలో దొంగల చేతిలో పడినవాడిని, ఆ దారిన ఒంటరిగా ఎందుకు వచ్చావని సమరయుడు అడగలేదు. గాయాలు కట్టాడు, సత్రానికి తీసుకెళ్లాడు, ఖర్చు భరించాడు. మన కాలంలో గాయం కట్టడమంటే పక్కన కూర్చుని 1930కి ఫోన్ చేయించడం, ఫిర్యాదు రాసిపెట్టడం, బ్యాంకుకు తోడు వెళ్లడం.

రెండో మనవి: ప్రతి సంఘంలో నమ్మకమైన ఇద్దరిని, ఒక యువకుడిని, ఒక సహోదరిని, ఈ పనికి నియమించండి. అమ్మగారికైనా, తాతగారికైనా కార్డు మీటలు మూయడం, పరిమితి తగ్గించడం వాళ్లు దగ్గరుండి నేర్పాలి. అయితే పిన్ పెద్దవారే నొక్కాలి, సాయం చేసేవారు ముఖం అటు తిప్పుకోవాలి. విన్న సంగతి వాళ్ల దగ్గరే ఆగాలి. నోరు జారేవారిని ఈ పనిలో పెట్టకండి.

మూడోది, మన పేరుతోనే జరిగే మోసం. అమెరికాలో కాపరుల పేరుతో సంఘస్థులకు సందేశాలు పంపి, గిఫ్ట్ కార్డులు కొనిపించి, వాటి నంబర్లు లాక్కునే మోసాల గురించి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లోనే హెచ్చరించింది. వాట్సాప్‌లో మన కాపరి ఫొటో పెట్టుకుని "ప్రైజ్ ది లార్డ్, ఒక రోగికి అర్జంటుగా కావాలి" అని రాయడం ఎవరికైనా తేలికే. అందుకే ప్రతి కాపరి ఒక ఆదివారం బల్లగుద్ది చెప్పాలి: నేను సందేశంలో డబ్బు గాని, కార్డు వివరాలు గాని, ఓటీపీ గాని ఎప్పుడూ అడగను, నా పేరుతో అడిగితే నాకు ఫోన్ చేసి నా గొంతు వినండి. కానుకల కోసం గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ మీద ఎవరైనా వేరేది అతికించారేమో కోశాధికారి వారం వారం చూడాలి.

నాలుగోది కొంచెం చేదుగా ఉంటుంది. మోసగాడు తన పేరుతో ఖాతా తెరవడు. "నీ ఖాతా నెల రోజులు ఇస్తే కమీషన్ ఇస్తాం" అని కుర్రాళ్లను పట్టుకుంటాడు. ఉద్యోగం లేని మన పిల్లలు కూడా అందులో పడవచ్చు. పోలీసులు మొదట వచ్చేది ఆ ఖాతాదారుడి ఇంటికే. ఎక్కడో ఒక విధవరాలి దగ్గర దోచిన సొమ్ము మన అబ్బాయి ఖాతాలోంచి దాటిపోతే, తెలియదనడం ఆ పాపాన్ని చిన్నది చేయదు. యౌవనుల కూడికల్లో ఈ మాట స్పష్టంగా చెప్పాలి.

విశ్వాసులం గనుక మనం మనుషులను నమ్ముతాం, అది మంచిదే. కానీ నమ్మకానికీ తొందరకూ తేడా ఉంది. ఆగి, మళ్లీ అడిగి, సరిచూసుకోవడం అవిశ్వాసం కాదు. దేవుడు మన చేతికి అప్పగించినదాన్ని కాపాడుకునే గృహనిర్వాహకత్వం అది.

ఈ ఆదివారం ప్రకటనల సమయంలో రెండు నిమిషాలు దీనికి ఇవ్వండి. 1930 అన్న నంబరును సంఘమంతటి చేత ఒకసారి పలికించండి. ఇప్పటికే మోసపోయి ఎవరికీ చెప్పుకోలేక బాధపడుతున్నవారు మీ మధ్యలోనే ఉండవచ్చు. ఇక్కడ చెప్పుకుంటే ఎవరూ నవ్వరని వాళ్లకు తెలియాలి. ప్రభువు మనందరికీ వివేకమును, ఒకరి భారము ఒకరు మోసే హృదయమును దయచేయును గాక. ఆమేన్.